ఏ సంఘంలో ఏ సంస్కారం: క్రైస్తవ స్త్రీల హక్కుల దృష్టితో

(కాకినాడలో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం మన సమావేశానికి కొంచెం దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పొద్దున టీ తాగేటప్పుడు ఒక అక్క అడగనే అడిగింది, "సంస్కారాలు రెండా, ఏడా అన్నది పాస్టర్లు తేల్చుకోవాలి గానీ మనకెందుకమ్మా?" అని. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందుగా నా దగ్గరికి వచ్చిన ఒక చెల్లెలి సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను.

ఆమెది కోనసీమలో ఒక పల్లె. వాళ్ల వీధిలోని ఒక చిన్న స్వతంత్ర సంఘంలో, రేకుల షెడ్డు కింద పెళ్లి జరిగింది. పన్నెండేళ్లు కాపురం చేసింది. ఇద్దరు పిల్లలు. తర్వాత భర్త వేరే ఊళ్లో వేరే సంఘానికి వెళ్లి మరో పెళ్లి చేసుకున్నాడు. ఈమె పోలీసు స్టేషనుకు వెళ్లింది. "మొదటి పెళ్లికి రుజువేది?" అన్నారు. ఫోటో ఆల్బమ్ చూపించింది. పావురాల బొమ్మలున్న రంగు సర్టిఫికెట్ చూపించింది. భర్త తరఫు లాయరు రెండే మాటలు అన్నాడు. "ఆ పెళ్లి చేసిన పాస్టరుకు లైసెన్సు లేదు, కాబట్టి అది పెళ్లే కాదు. పైగా ఈమె కులం సర్టిఫికెట్‌లో హిందువు అని ఉంది, హిందూ పద్ధతిలో పెళ్లి జరగలేదు." ఇది చాలదన్నట్టు, భర్త మీద కేసు పెట్టిందని సొంత సంఘం వాళ్లు ఆమెకు బల్ల ఆపేశారు. అంటే ప్రభురాత్రి భోజనంలో ఆమెకు చోటు లేదన్నారు.

చూడండి, ఒక్క మనిషి బతుకులో మూడు సంగతులు ముడిపడ్డాయి: బాప్తిస్మం, పెళ్లి, బల్ల. ఈ మూడింటినీ ఒక్కో సంఘం ఒక్కో రకంగా చూస్తుంది. చట్టం వీటిని ఇంకో రకంగా చూస్తుంది. ఈ తేడాలు తెలియకుండా మనం ఆమె పక్కన నిలబడలేం. అందుకే ఈ ప్రసంగం.

మన డెల్టాలో ఇన్ని సంఘాలు ఎందుకున్నాయి? మిషన్లు ఒక్కచోట నుంచి రాలేదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు కుటుంబాలు నర్సాపురం వైపు వచ్చి బ్రదరెన్ పని మొదలుపెట్టాయి. దాన్నే గోదావరి డెల్టా మిషన్ అంటాం. 1840లలో రాజమండ్రికి జర్మన్ లూథరన్లు వచ్చారు, తర్వాత ఆ పని అమెరికన్ లూథరన్ల చేతికి వెళ్లింది. మన కాకినాడలో థామస్ గాబ్రియేలు అనే తెలుగు బాప్తిస్టు ప్రారంభించిన పనిని 1874లో జాన్ మెక్లారిన్ వచ్చి కెనడియన్ బాప్తిస్టు మిషన్‌గా నడిపించారు. కథోలిక గురువులు విశాఖపట్నం వైపు నుంచి వచ్చారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడింది. ఆ తర్వాత పెంతెకోస్తు సంఘాలు, ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర మందిరాలు లెక్కలేనన్ని వచ్చాయి. ఒకే పేటలో ఆదివారం నాలుగు మైకులు వినిపించడం మనకు అలవాటే.

ఇప్పుడు లెక్క చూద్దాం. కథోలికులకు దివ్య సంస్కారాలు ఏడు: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం. ఈ ఏడు అన్న లెక్కను 1547లో ట్రెంట్ మహాసభ ఖరారు చేసింది. కేరళలో ఎక్కువగా ఉన్న ఆర్థడాక్స్ సంఘాలు కూడా ఏడే అంటాయి. లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు క్రీస్తు స్వయంగా నియమించినవి రెండే అంటారు, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం. మార్టిన్ లూథర్ 1520లోనే ఏడింటి మీద వాదం లేవదీశాడు. బాప్తిస్టులు, బ్రదరెన్ వాళ్లు, చాలామంది పెంతెకోస్తు వాళ్లు కూడా ఈ రెండే చేస్తారు, కానీ వాటిని ప్రభువు ఆజ్ఞాపించిన కట్టడలు అంటారు. నీళ్లలోనూ రొట్టెలోనూ కృప ఉండదు, విశ్వాసికి అవి గుర్తులు, సాక్ష్యం అని వారి బోధ. ఇక బాపట్ల, స్టూవర్టుపురం వైపు మీకు తెలిసిన సాల్వేషన్ ఆర్మీలో అసలు సంస్కారాలే లేవు. 1883లో విలియం బూత్ వాటిని మానేయాలని నిర్ణయించాడు.

అయితే సంస్కారాలు తక్కువైతే స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువా? నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అది నిజం కాదు. సాల్వేషన్ ఆర్మీలో సంస్కారం ఒక్కటీ లేదు, అక్కడ మొదటి నుంచీ స్త్రీలు అధికారులుగా ప్రసంగిస్తున్నారు. బ్రదరెన్ సంఘంలో పట్టం పొందిన గురువంటూ ఎవరూ ఉండరు, సహోదరులు ఎవరైనా లేచి రొట్టె విరవవచ్చు. కానీ సహోదరి మాత్రం ముసుగు వేసుకుని మౌనంగా కూర్చోవాలి. కథోలిక సంఘంలో సంస్కారాలు ఏడైతే స్త్రీకి అందేవి ఆరే. గురుపట్టం బాప్తిస్మం పొందిన పురుషుడికే అని వాళ్ల కానన్ చట్టం చెబుతుంది. 1994లో రెండో జాన్ పాల్ పోపు ఆ మాటనే గట్టిగా మళ్లీ చెప్పారు. కాబట్టి లెక్క ముఖ్యం కాదు. ప్రతి సంస్కారం దగ్గరా నిర్ణయం ఎవరిది, పుస్తకం ఎవరి దగ్గర ఉంది అని అడగడం మన పని.

మొదట బాప్తిస్మం. కథోలికులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు పసిపిల్లలకు ఇస్తారు. బాప్తిస్టులు, బ్రదరెన్, పెంతెకోస్తు వాళ్లు నమ్మి ఒప్పుకున్న పెద్దవాళ్లకే కాలువలోనో, చెరువులోనో, సముద్రంలోనో ముంచి ఇస్తారు. రెండో పద్ధతిలో ఒక మంచి ఉంది. కూలికి వెళ్లే దళిత స్త్రీని నలుగురి ముందు నిలబెట్టి "నీ ఇష్టంతోనేనా?" అని అడగడం, ఆమె నోటితో ఆమె జవాబు చెప్పడం చిన్న విషయం కాదు. ఆమెను ఇంకెక్కడా ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు.

కానీ పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న మాయమవుతుంది. లూథరన్ ఇంటి పిల్ల పెంతెకోస్తు ఇంటికి కోడలుగా వెళితే, "చిన్నప్పటి చిలకరింపు చెల్లదు, మళ్లీ మునగాలి" అంటారు. కథోలికులు అలా అనరు. నీళ్లతో, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున ఇచ్చిన బాప్తిస్మం ఏ సంఘంలో ఇచ్చినా చెల్లుతుందని వాళ్ల నియమం. 1982లో ప్రపంచ సంఘాల మండలి లీమాలో తెచ్చిన పత్రం కూడా బాప్తిస్మం రెండోసారి ఇచ్చేది కాదని చెప్పింది. ఇన్నేళ్లలో నేను చూసినంతలో పెళ్లి కోసం మళ్లీ మునిగింది దాదాపు ఎప్పుడూ కోడలే. అల్లుడు మునగడం అరుదు. విశ్వాసం మారి తన ఇష్టంతో మునిగితే ఆమె హక్కు. మునగకపోతే పెళ్లి ఆగిపోతుందని చెబితే అది బలవంతం. దాన్ని బలవంతమనే పిలవాలి.

బాప్తిస్మానికి చట్టం వైపు ఇంకో ముఖం ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కుల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బి.సి.-సి కిందికి వస్తారు, దానికి ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే కాగితంలో ఒక మతం, ఆదివారం ఒక మతంగా వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక యువతి కేసులో తీర్పు ఇచ్చింది. ఆమె తాను హిందువునే అంటూ కుల ధ్రువపత్రం కోరింది. పసితనంలో ఆమెకు బాప్తిస్మం ఇచ్చిన నమోదును కూడా లెక్కలోకి తీసుకుని కోర్టు కాదంది. గమనించండి, పసిపిల్లకు ఇచ్చిన బాప్తిస్మం, ఆమె అడగనిది, పెద్దయ్యాక ఆమె ఉద్యోగం దగ్గర సాక్ష్యమైంది. ఆ తీర్పు సంగతి పక్కన పెట్టినా, తప్పు ఆ పిల్లది కాదు. కులం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోదని మనకు తెలుసు, ప్రత్యేకమైన శ్మశానాలు చూస్తూనే ఉన్నాం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమంది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా ఇవ్వాలని తీర్మానించింది. దళిత స్త్రీలు తమ దేవుడినీ తమ హక్కునూ ఒకేసారి పైకి చెప్పుకోగలిగే రోజు రావాలంటే ఈ పోరాటంలో మనం కూడా ఉండాలి.

రెండోది పెళ్లి. ఇక్కడే సంఘాల తేడా బాగా కనిపిస్తుంది. కథోలికులకు పెళ్లి దివ్య సంస్కారం. ప్రొటెస్టంట్లకు పవిత్రమైనదే గానీ సంస్కారం కాదు. లూథర్ దాన్ని లోకసంబంధమైన వ్యవహారం అన్నాడు, అంటే పాలకుల చట్టానికి చెందింది అని. అందుకని ప్రొటెస్టంట్ సంఘాల్లో విడాకులకు, మారు పెళ్లికి కొంత సందు ఉంది. కథోలికుల్లో దంపతులు బతికి ఉండగా ఆ ముడి విప్పే వీల్లేదు. ఇంకో చిత్రం చెప్తాను. బాప్తిస్మం పొందిన ఇద్దరు ప్రొటెస్టంట్లు చేసుకున్న పెళ్లిని కూడా కథోలిక సంఘం సంస్కారంగానే లెక్కిస్తుంది. కాబట్టి కోర్టులో విడాకులు తీసుకున్న బాప్తిస్టు స్త్రీ ఒక కథోలికుణ్ణి గుడిలో పెళ్లాడాలంటే, మొదటి పెళ్లి మొదటి నుంచే చెల్లదని వాళ్ల సంఘ న్యాయస్థానం చెప్పాలి.

అయితే ఇదే కథోలిక బోధలో మనకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. పెళ్లి సంస్కారాన్ని ఇచ్చేది గురువు కాదు, వధూవరులు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. గురువు సంఘం తరఫున సాక్షి. పెళ్లిని పెళ్లి చేసేది ఇద్దరి సమ్మతి, ఆ సమ్మతిని వాళ్ల బదులు ఏ మానవుడూ ఇవ్వలేడు. ఇది 1983 కానన్ చట్టంలో ఉంది. తండ్రి కొట్టి ఒప్పించిన పెళ్లి సంఘం దృష్టిలోనే చెల్లదు. ఈ మాట మన ఆడపిల్లల్లో ఎంతమందికి తెలుసు? చెల్లదని తేల్చే విచారణను 2015లో ఫ్రాన్సిస్ పోపు సులువు చేశారు, రెండు న్యాయస్థానాల్లో ఒకే తీర్పు రావాలన్న నిబంధన తీసేశారు.

కానీ జాగ్రత్త. సంఘం ఇచ్చిన ఆ తీర్పు దేశ చట్టం ముందు విడాకులు కాదు. సుప్రీంకోర్టు 1996లో ఈ మాట చెప్పింది, 2017లో మళ్లీ చెప్పింది. సంఘం తీర్పు చేతిలో పెట్టుకుని, కోర్టుకు వెళ్లకుండా మారు పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి నేరమవుతుంది. కోర్టుకు వెళ్లాలంటే 1869 నాటి విడాకుల చట్టం. ఆ చట్టంలో మగవాడు భార్య వ్యభిచారం ఒక్కటి చూపితే చాలు, స్త్రీ మాత్రం వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, వదిలేయడమో కూడా చూపాలి. నూట ముప్పై ఏళ్లు ఈ అన్యాయం నడిచింది. 1995లో కేరళ హైకోర్టు దాన్ని తప్పుపట్టింది. 2001లో పార్లమెంటు సవరించి కారణాలు ఇద్దరికీ సమానం చేసింది, పరస్పర అంగీకారంతో విడాకులు కూడా చేర్చింది. మీ సంఘం పెళ్లిని సంస్కారమన్నా, కట్టడ అన్నా ఈ చట్టం క్రైస్తవ స్త్రీలందరికీ ఒక్కటే.

ఇప్పుడు మన కోనసీమ చెల్లెలి దగ్గరికి వద్దాం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఎవరు చేయవచ్చో అయిదో సెక్షనులో ఉంది. బిషప్పుల ద్వారా పట్టం పొందిన గురువులు తమ సంఘ నియమాల ప్రకారం చేయవచ్చు. మిగతావారికి లైసెన్సు ఉండాలి. లేదంటే వివాహ రిజిస్ట్రారు చేయాలి. ఇలా కాకుండా చేసినది చెల్లదని నాలుగో సెక్షను. అధికారం లేకుండా పెళ్లి చేసినవాడికి పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఆ నిబంధన పుస్తకంలోనే ఉంటుంది, నష్టం మాత్రం పెళ్లికూతురికి జరుగుతుంది. మొదటి పెళ్లి చెల్లకపోతే రెండో పెళ్లి నేరం కాదు కదా.

కొత్త సంగతి కాదిది. ఐరోపాలో చాటుమాటు పెళ్లిళ్లు చేసుకుని తర్వాత "నేనెప్పుడు చేసుకున్నాను?" అనే మగవాళ్లు ఉన్నందువల్లే 1563లో ట్రెంట్ మహాసభ, గురువు, ఇద్దరు సాక్షులు లేని పెళ్లి చెల్లదని నియమం పెట్టింది. పెళ్లి పుస్తకం పుట్టింది ఆ అవసరం నుంచే. నాలుగున్నర శతాబ్దాల తర్వాత మన రేకుల షెడ్డులో ఆ పుస్తకమే లేదు.

మతాలు వేరైన పెళ్లిలో ఇంకో గుంట ఉంది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవుడూ హిందూ స్త్రీ గుడిలో తాళి కట్టి చేసుకున్న పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదంది. ఆ చట్టానికి ఇద్దరూ హిందువులై ఉండాలి. అలాంటివారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది.

మూడోది బల్ల. శిక్షగా వాడేది ఎక్కువగా దీన్నే. కొన్ని సంఘాల్లో పెద్దలు, కొన్నిచోట్ల పాస్టరు, కొన్నిచోట్ల సంఘ సమావేశం "నీకు సంస్కారం లేదు" అంటారు. భర్త తాగి కొడితే అతనికి బల్ల ఆపిన సంఘాలు నాకు ఎక్కువ తెలియవు. పుట్టింటికి వచ్చేసిన భార్యకు ఆపినవి తెలుసు. కథోలికుల్లో కూడా చాలామందికి ఒక అపోహ ఉంది, కోర్టు విడాకులు తీసుకుంటే సత్ప్రసాదం ఇవ్వరని. అది వాళ్ల నియమం కాదు. విడాకులు పొంది మారు పెళ్లి చేసుకోని స్త్రీకి అది అడ్డు కాదని 1981లోనే పోపు పత్రంలో ఉంది. ఇక బయట ఉన్న రోజుల్లో బల్ల ముట్టుకోకూడదని మన ఆడవాళ్లు కొందరు తమంతట తామే ఆగిపోతారు. పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ తన వస్త్రం ముట్టుకుంటే యేసు ఆమెను గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు. ఆ కథ ఆదివారం విని, ఆ వెంటనే బల్ల దగ్గర వెనక్కి తగ్గడం ఎందుకు?

బల్ల దగ్గర నిలబడేది ఎవరన్నది కూడా ఇందులో భాగమే. సి.ఎస్.ఐ.లో 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు మన తెలుగు స్త్రీయే. లూథరన్ సంఘంలోనూ స్త్రీలు పాస్టర్లుగా అభిషేకం పొందారు. కథోలిక సంఘంలో సైతం ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ఎవరైనా, మంత్రసాని అయినా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, అది చెల్లుతుంది. చావు దగ్గర స్త్రీ చెయ్యి పనికొస్తే పంచాయితీ దగ్గర స్త్రీ గొంతు ఎందుకు పనికిరాదు? కాపురపు గొడవ విచారించే కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలని ప్రతి సంఘాన్నీ మనం అడగాలి. బల్ల ఆపితే కారణం రాతపూర్వకంగా ఇమ్మనాలి.

ఇక రేపటి నుంచి మనం చేయవలసిన పనులు. పెళ్లికి ముందు పాస్టరు గారి లైసెన్సు చూపించమని అడగండి, అడగడం అవిశ్వాసం కాదు. ముహూర్తం విషయంలో కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ చట్టం కింద పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే జరగాలి. రిజిస్టరులో సంతకం పెట్టించండి. రిజిస్టరు వెతికించుకుని, ఫీజు కట్టి నకలు తీసుకునే హక్కు 79వ సెక్షను ఇస్తుంది, ఆ నకలు పిల్ల పుట్టింట్లో ఒకటి ఉండాలి. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం ప్రతి పెళ్లీ నమోదు కావాలి, అదీ చేయించండి. లైసెన్సు లేని చోట పెళ్లయి, కాపురం బాగానే ఉన్నవాళ్లు ఇరవై ఒక్క ఏళ్లు దాటాక ప్రత్యేక వివాహ చట్టం 15వ సెక్షను కింద నమోదు చేయించుకోవచ్చు. మంచి రోజుల్లోనే చేయించాలి, గొడవ వచ్చాక అతను సంతకానికి రాడు. అన్నీ చేయి దాటిపోయినా ఖాళీ చేతులతో పంపకండి. 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి సంబంధంలో ఉన్న స్త్రీకీ వర్తిస్తుంది. భరణం కోసం పాత 125వ సెక్షను స్థానంలో 2024 జూలై నుంచి కొత్త సంహితలో 144వ సెక్షను ఉంది.

మన చెల్లెలికి గృహహింస చట్టం కింద ఆమెకూ పిల్లలకూ భరణం వచ్చింది. రెండో పెళ్లి కేసు మాత్రం నిలబడలేదు. ఇప్పుడు ఆమె కాకినాడలో పని చేసుకుంటూ ఇక్కడే ఒక సంఘానికి వెళ్తోంది. అక్కడి పెద్దలు మంచివాళ్లే. కాకపోతే బల్లలో చేరాలంటే తమ దగ్గర మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలన్నారు. ఆమె నన్ను అడిగింది, "నా పెళ్లి చెల్లలేదన్నారు, ఊరుకున్నాను. నా బాప్తిస్మానికి ఏం తక్కువైందండీ? అది నేను నా నోటితో ఒప్పుకుని తీసుకున్నదే కదా" అని.

ఆమె ఇంకా మునగలేదు. వెనక బెంచీలో కూర్చుని పాటలు పాడి వస్తోంది. మునగాలా వద్దా అన్నది ఆమె తేల్చుకుంటుంది. ఆ తేల్చుకునే హక్కు ఆమె చేతిలో ఉండేలా చూడటమే మన పని.